ప్రమాణం చేసిన నోటితోనే

రాజు అసమర్థుడైతే సభలో నిలదీయవచ్చు. 1465 జూన్ 5న ఆవిలా కోటగోడల బయట కాస్టీల్ (నేటి స్పెయిన్‌లో భాగమైన నాటి రాజ్యం) ప్రభువులు చేసింది నిలదీత కాదు, నిలువెత్తు ద్రోహం. చెక్కవేదిక కట్టి, తమ రాజు నాలుగో ఎన్రిక్ బొమ్మకు నల్లబట్టలు తొడిగి కూర్చోబెట్టారు. టొలీడో ఆర్చిబిషప్ కరియో కిరీటం ఊడదీశాడు. ఒకరు ఖడ్గం, మరొకరు రాజదండం లాక్కున్నారు. బూతు తిట్టి బొమ్మను నేలకు పడదోసి, రాజు సవతి తమ్ముడైన 11 ఏళ్ల అల్ఫోన్సోను గద్దెనెక్కించారు.

యువరాణి హువానా రాజు బిడ్డే కాదని, ఆస్థాన ఆంతరంగికుడు బెల్త్రాన్ కూతురని వారి అభియోగం. ఆ పిల్లకు జ్ఞానస్నానం చేయించింది ఈ కరియోనే. జ్ఞానతండ్రిగా నిలబడింది ఈ కుట్రకు సూత్రధారి హువాన్ పచేకో. 1462లో రాజ్య ప్రతినిధుల సభ అయిన కోర్తెస్ ఆమెను వారసురాలిగా అంగీకరిస్తూ ప్రమాణం చేసింది. ఆ తర్వాత మూడేళ్లలో కొత్త సాక్ష్యమేదీ బయటపడలేదు. పచేకో ఆశించిన శాంటియాగో యోధసంఘం అధిపతి పదవి మాత్రం 1464లో బెల్త్రాన్‌కు దక్కింది. పదవి చేజారితే పసిబిడ్డ పుట్టుకనే బజారుకీడ్చారు.

ఎన్రిక్ ఆశ్రితులకు దోచిపెట్టాడని, అతని తర్వాత రాణి అయిన ఇసబెల్లా వచ్చాకే కాస్టీల్ గాడిన పడిందని వాదించేవారున్నారు. కావచ్చు. ప్రమాణాన్ని తుంగలో తొక్కడానికి అది అనుమతి పత్రం కాదు.

రాజుదీ క్షమించరాని బలహీనతే. 1467లో తిరుగుబాటుదారులతో జరిగిన ఓల్మెదో యుద్ధమూ ఏదీ తేల్చలేదు. అల్ఫోన్సో మరణించాక 1468లో గిసాందో వద్ద కన్నకూతుర్ని కాదని సవతి చెల్లెలు ఇసబెల్లాను వారసురాలిగా ఒప్పుకున్నాడు. తన పెళ్లే చెల్లదన్న మాటకు తలొగ్గాడు. ఆ మరుసటి ఏడే ఇసబెల్లా అరగాన్ యువరాజు, తన బంధువు ఫెర్డినాండ్‌ను పెళ్లాడింది, అదీ బంధువుల పెళ్లికి కావలసిన పోపు అనుమతిని దొంగగా సృష్టించి! 1470లో రాజు మళ్లీ మాట మార్చి హువానాయే వారసురాలన్నాడు. ఇన్నిసార్లు మారిన మాటను ఎవరు నమ్ముతారు?

ఒకసారి ప్రమాణం తప్పడం చెల్లుబాటైతే అది అక్కడితో ఆగదు. 1474 డిసెంబరులో ఎన్రిక్ కన్నుమూసిన వెంటనే ఇసబెల్లా సెగోవియాలో తనను తాను రాణిగా ప్రకటించుకుంది. అప్పటిదాకా ఆమెకు అండగా నిలిచిన కరియో, ఏడాది తిరక్కుండానే తాను అక్రమ సంతానమన్న హువానా పక్షాన చేరాడు. ఆవిలాలో నేర్చిన పాఠం ఇసబెల్లాకే ఎదురుతిరిగింది. 1479 వరకు దేశం వారసత్వ యుద్ధంలో నలిగింది. హువానా పోర్చుగల్‌లో కన్యామఠానికి చేరింది.

హువానాను నేటికీ ‘బెల్త్రానేహా’ (బెల్త్రాన్ కూతురు) అనే రాస్తున్న చరిత్రకారులకు ఒకటే ప్రశ్న. ఐదు శతాబ్దాలు గడిచినా రుజువు కాని నిందను పేరుగా అంటగట్టే హక్కు మీకెవరిచ్చారు? పచేకో, కరియోల మాట మీకు సాక్ష్యమైతే, 1462లో వారు చేసిన ప్రమాణం ఎందుకు సాక్ష్యం కాలేదు?