పేరు కాదు, ఐడీ చూడండి
ఓపెన్‌టాబ్లెట్‌డ్రైవర్ అంటే డ్రాయింగ్ టాబ్లెట్లకు కంపెనీ డ్రైవర్ బదులు వాడుకునే ఉచిత డ్రైవర్. అది సపోర్ట్ చేసే టాబ్లెట్ల లిస్టులో మన మోడల్ పేరుంటే చాలు, పనిచేసేస్తుందని కొందరు రాస్తుంటారు గానీ అంత తేలిక కాదండీ. డ్రాయింగ్ టాబ్లెట్ పేరు అదే ఉంచి లోపల చిప్పో, దాన్ని నడిపే ఫర్మ్‌వేరో మార్చేసే కంపెనీలున్నాయి, డ్రైవరేమో పేరు చూడదు, యూఎస్‌బీ వీఐడీ (తయారీదారు నంబరు), పీఐడీ (ఉత్పత్తి నంబరు)లతో మొదలుపెట్టి గుర్తుపడుతుంది. విండోస్‌లో అయితే డివైస్ మేనేజర్‌లో ప్రాపర్టీస్ తెరిచి, డీటెయిల్స్ కింద హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి, అక్కడుంటాయి. ఇంకోటి, కంపెనీ డ్రైవర్ తీసేయకుండా ఓపెన్‌టాబ్లెట్‌డ్రైవర్ పెడితే రెండూ ఒకే పెన్ను కోసం కొట్టుకుంటాయి. నా కర్సర్ ఓ మూలకు పోయి అక్కడే కూర్చుంది, రెండు రోజులు టాబ్లెట్ పాడైందనే అనుకున్నా! లినక్స్‌లో కెర్నెల్‌తో (సిస్టమ్ మూల భాగంతో) వచ్చే వాకమ్ మాడ్యూల్, అంటే వాకమ్ కంపెనీ టాబ్లెట్ల డ్రైవర్, కూడా ఇలాగే అడ్డొస్తుంది, దాన్ని బ్లాక్‌లిస్ట్ చేయాలి, అంటే లోడ్ కాకుండా ఆపాలి. మామూలు మౌస్, కీబోర్డులకు ఈ గోల లేదు, హెచ్‌ఐడీ అనే, ఇలాంటి పరికరాలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ప్రమాణం పుణ్యమా అని పెట్టగానే పనిచేస్తాయి, అదనపు బటన్ల దగ్గరే పేచీ.