మహారాజశ్రీ కారు డిక్కీ గారికి

మహారాజశ్రీ డిక్కీ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరిది పెద్ద మనసని ఊరూవాడా తెలుసు. అరటి గెలైనా, బియ్యం బస్తా అయినా, ఆవకాయ జాడీ అయినా కాదనే అలవాటు తమరికి లేదు. అయితే ఈమధ్య రాత్రిపూట అడవి దారిలో ఎవడో గుద్దేసిపోయిన జింకనో, అడవిపందినో చూసి ముందు సీట్లోవాళ్లు "చచ్చిందేగా, వదిలేస్తే కుక్కలపాలు" అనగానే తమరు నోరు తెరుస్తున్నారట. తెరిచే ముందు ఒక పెద్దమనిషిని పరిచయం చేసుకోండి. పేరు సెక్షన్ 39. ఇంటిపేరు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972.

ఆయన చెప్పేది చిన్న మాటే. అడవి జంతువును చట్టానికి విరుద్ధంగా వేటాడినా, అది పొరపాటున చచ్చినా, చచ్చి పడి కనిపించినా ప్రభుత్వ ఆస్తి. పొలాలు పాడుచేస్తోందని సర్కారు అనుమతి తీసుకుని కాల్చిన పందికీ అదే వర్తిస్తుంది. రోడ్డు దాటేటప్పుడు దాని కోసం బ్రేకు మీద కాలు పెట్టినవాడు లేడు. టైరు కింద పడ్డాక మాత్రం దానికి సెక్రటేరియట్‌లో చుట్టాలు పుట్టుకొస్తారు.

"మేం గుద్దలేదు, ఏరుకున్నాం అంతే" అని తమవాళ్లు అంటారు. సెక్షన్ 39కి గుద్దినవాడూ ఏరుకున్నవాడూ వేరువేరు కాదు. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారిగానీ ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఆ కళేబరాన్ని తీసుకోకూడదు, దగ్గర పెట్టుకోకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు, అమ్మకూడదు, పాడుచేయకూడదు. ముందుగా అంటే ముందుగానే. ఇంటికెళ్లి, స్నానం చేసి, తెల్లారాక ఫోన్ చేస్తామంటే కుదరదు. ఆపైన సెక్షన్ 57 ఉంది. మాంసం దొరికిందంటే అది అక్రమంగా వచ్చిందనే కోర్టు అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది మీరే.

చట్టం తెలిసిన బావమరిది ప్రతి ఇంట్లో ఒకడుంటాడు. "ప్రభుత్వ ఆస్తి చేతికొస్తే 48 గంటల్లోపు పోలీస్ స్టేషన్‌లో చెబితే చాలు, సెక్షన్‌లోనే ఉంది" అంటాడు. ఉన్నమాట నిజమే. ఆ 48 గంటలు చేతికొచ్చినదాని సంగతి చెప్పి, అడిగితే అప్పగించడానికి ఇచ్చినవి. మసాలా నూరుకోవడానికి కాదు.

వండేస్తే గొడవ వదిలిపోతుందని మరో నమ్మకం. చట్టంలో "మాంసం" అంటే పచ్చిదైనా వండినదైనా మాంసమే. నెత్తురు, ఎముక, కొవ్వు, నరం అన్నీ అందులోకే వస్తాయి. అంటే కుక్కర్లో ఉన్న కూర కూడా సర్కారుదే. మేక మాంసమని బుకాయించినా ముక్క హైదరాబాద్ అత్తాపూర్‌లోని సీసీఎంబీ వాళ్ల లాకోన్స్ ల్యాబుకు వెళ్తుంది. అక్కడ డీఎన్ఏ చూసి అది ఏ జంతువుదో చెప్పేస్తారు. అల్లం వెల్లుల్లి ఎంత దట్టించినా జింక మేక కాదు.

శిక్ష జంతువును బట్టి ఉంటుంది. మామూలుగా మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం ఎక్కువ రక్షణ ఇచ్చిన షెడ్యూల్ 1 జాబితాలోని జంతువైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, పైన 25 వేలకు తగ్గని జరిమానా. చిరుత, కృష్ణజింక, అలుగు (పాంగోలిన్), నెమలి ఆ జాబితాలో ఉన్నాయి. "బలం" అని జనం ఎగబడే ఉడుమూ అందులోనే ఉంది. డబ్బు కట్టి రాజీ చేసుకునే దారి చిన్న నేరాలకే. కనీస శిక్ష ఇంత అని రాసి ఉన్నచోట అది లేదు. నెమలి ఈకలకు మినహాయింపు ఉందిగా అంటారేమో. అది రాలిన తోక ఈకల కొనుగోలూ అమ్మకాల కోసం. చచ్చిన నెమలి ఒంట్లోంచి పీక్కునేవాడు సెక్షన్ 39ను ఎంత వెతికినా అందులో అలాంటి మినహాయింపు దొరకదు.

ఒరెగాన్‌లో ఉన్న తమరి అమెరికా దాయాది మాత్రం అదృష్టవంతుడు. 2019 నుంచి అక్కడ బండి తగిలి చచ్చిన జింకనో, ఎల్క్ అనే పెద్ద జాతి జింకనో ఎత్తుకోవచ్చు. దానికి 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో పర్మిట్ తీసుకోవాలి, అది ఉచితం. పేగులతో సహా మొత్తం ఎత్తాలి, రోడ్డు మీద ఏమీ మిగలకూడదు. తల, కొమ్ములు ఐదు పనిదినాల్లోపు వన్యప్రాణి శాఖ ఆఫీసులో అప్పగించాలి. కొమ్ముల మీద మోజుతో ఎవడూ కావాలని గుద్దకుండా అదొక మెలిక. ఆ తలనే రోగ పరీక్షకూ వాడతారు. మన దగ్గర అలా వదిలేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? చేను చుట్టూ కరెంటు తీగ లాగి చంపిన పందులన్నీ తెల్లారేసరికి "బండి తగిలి" చచ్చినవైపోతాయి. రోడ్డు పక్కన పడి ఉన్నదల్లా బండి గుద్దిందేనని ఎవరు చెప్పారు? కాళ్ల మీద తీగ కాల్చిన గుర్తుందా, కడుపులో విషముందా అన్నది పశువైద్యుడు పోస్ట్‌మార్టం చేస్తేనే తెలుస్తుంది. ఆంత్రాక్స్‌తో చచ్చినదైతే ముట్టుకున్నవాడికే ముప్పు.

తమరి కార్పెట్ సంగతి కూడా ఆలోచించండి. గుద్దిన దెబ్బకు పేగు చిట్లితే లోపలి పసరూ పేడా మాంసమంతా అంటుకుంటాయి. తొడలో నెత్తురు గడ్డకట్టి కండ నల్లబడుతుంది. మే నెల ఎండలో కొన్ని గంటలకే కడుపు డప్పులా ఉబ్బుతుంది.

మరి ముందు సీట్లోవాళ్లు చేయాల్సిందేమిటి? బండి పక్కకు తీసి హజార్డ్ లైట్లు వేయాలి. కిలోమీటరు రాయి కనిపించేలా ఫోటో తీసుకోవాలి. జాతీయ రహదారైతే 1033కి, ఎక్కడైనా 112కి ఫోన్ చేయాలి. దగ్గరలో అటవీ చెక్‌పోస్టు ఉంటే అక్కడ చెప్పాలి. ప్రాణం ఉంటే ఎత్తకూడదు, నోట్లో నీళ్లు పోయకూడదు. జింక జాతి భయానికే గుండె ఆగి చచ్చిపోవచ్చు. సిబ్బంది వచ్చి పంచనామా రాస్తారు, పోస్ట్‌మార్టం చేయిస్తారు, తర్వాత కాల్చడమో పూడ్చడమో చేస్తారు. వాళ్లు వచ్చేలోగా ఈగలు, కాకులు, వెనకొచ్చే లారీలు ప్రభుత్వ ఆస్తిలో చాలా భాగం పంచుకుపోతాయనుకోండి, అది వేరే ఉత్తరంలో రాస్తాను. చిరుతైతే గోళ్లు 18, కోరలు 4 లెక్క సరిపోవాలి. పదిహేడే ఉంటే మొదటి ప్రశ్న ముందుగా అక్కడ నిలబడినవాడికే.

ఇక తమరి విషయం. ఈ నేరానికి వాడి పట్టుబడిన వాహనం కూడా ఆ సెక్షన్ 39 కిందే ప్రభుత్వ ఆస్తి అవుతుంది. నేరం రుజువయ్యాకే అలా అవుతుందని, ఈలోగా మేజిస్ట్రేటు బండిని విడుదల చేయవచ్చని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. ఆ విడుదల ఉత్తర్వు వచ్చేదాకా మకాం అటవీ రేంజ్ ఆఫీసు ఆవరణలోనే. టైర్లలో గాలి పోతుంది, బ్యాటరీ చస్తుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. బంపర్ సొట్టకు ఇన్సూరెన్స్ వస్తుందని ఆశ ఉంటే, జంతువు తగిలిన నష్టం థర్డ్ పార్టీ పాలసీలో రాదు, సొంత బండి నష్టానికిచ్చే ఓన్ డ్యామేజ్ ఉండాలి. సర్వేయర్ ముందు బంపర్ చూస్తాడు, అక్కడ అంటుకున్న వెంట్రుకలు చూస్తాడు, ఆ తర్వాత తమరిని తెరవమంటాడు.

ఇట్లు,
ఆర్సీ ఎవరి పేరున ఉందో తెలిసినవాడు