సముద్రగాలిపై ఏకసభ్య కమిషన్

విశాఖపట్నంలో ఏం చెడినా ముద్దాయి ఒక్కడే, సముద్రగాలి. గేటు తుప్పు పడితే సముద్రగాలి. ఏసీ ఆగిపోతే సముద్రగాలి. జుట్టు ఊడినా అదే. నిజానికి దాని మీద రుజువైన పెద్ద కేసు ఒక్కటే, 2014 అక్టోబరు 12న వచ్చిన తుఫాను హుద్‌హుద్. ఆ పాత కేసు చూపించి ఇప్పటికీ ప్రతి నేరం దాని ఖాతాలోనే రాస్తున్నాం.

ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ మీద పురుగులు దండెత్తినప్పుడూ అంతే. ‘సముద్రం పక్కన కదండీ, తప్పదు’ అని అసోసియేషన్ మీటింగులో తేల్చేశారు. గెడ్డ (మురికికాలువ) వల్లేనని కొందరన్నారు. పై ఫ్లోర్ వాళ్ళ వల్లేనని మిగతా అందరూ గొంతు తగ్గించి అన్నారు. ఆఖరి ఫ్లోర్ వాళ్ళకి పైన ఎవరూ లేరు కాబట్టి వాళ్ళు వాటర్ ట్యాంకుని అనుమానించారు.

రిటైరై ఖాళీగా ఉన్నాను గనక విచారణ నాకు అప్పగించారు. కమిషన్‌కి కేటాయించిన వనరులు: ఒక టార్చిలైటు, పాత డైరీ, మోకాళ్ళకి బామ్. బామ్ నా సొంతం.

మొదటి వాంగ్మూలం మూడో ఫ్లోర్ మామ్మగారిది. బియ్యం డబ్బాలో ముక్కు పురుగులు. ‘పక్కింటి కిటికీలోంచి ఎగిరొచ్చాయి నాయనా’ అన్నారు. గుప్పెడు బియ్యం పళ్ళెంలో పోసి చూశాను. కొన్ని గింజలకి సూదితో పొడిచినట్టు బెజ్జాలు. ఈ పురుగుల్లో తల్లి తన ముక్కుతో గింజని తొలిచి, లోపల గుడ్డు పెట్టి, పైన బిరడా బిగిస్తుంది. పిల్ల లోపలే తిని పెరిగి, సుమారు నెలకి గింజ చీల్చుకుని బయటికొస్తుంది. అంటే కొట్లో అరచేతిలో పోసుకుని ‘ముత్యాల్లా ఉన్నాయి’ అని మెచ్చుకున్నప్పుడే అవి లోపలున్నాయి. ఆటోకి డబ్బులిచ్చి మరీ తెచ్చుకున్నాం. ‘మా కొట్టువాడు అలాంటివాడు కాదు’ అని మామ్మగారు కమిషన్‌ని బయటికి పంపేశారు.

బొద్దింకల జాడ తాళం వేసిన ఫ్లాటులో దొరికింది. కొడుకు దగ్గరికి అమెరికా వెళుతూ ఆ దంపతులు తులసికోటకి రోజూ చెంబుడు నీళ్ళు పోయమని వాచ్‌మన్‌కి చెప్పారు. బాత్రూములో మగ్గుడు పోయమని చెప్పలేదు. కింద పైపు వంపులో నిలిచే ఆ కాసిని నీళ్ళే డ్రైనేజీకీ ఇంటికీ మధ్య తలుపు. వాడకం లేక అవి ఎండిపోతే బొద్దింకలకి రాచబాట. పెద్దమనుషులు లేని ఇల్లు కనిపెట్టడంలో అవి మన బంధువుల కన్నా నయం.

దోమల దగ్గర గెడ్డకి కొంత న్యాయం చేయాలి. రాత్రి చెవి దగ్గర సంగీతం పాడేదాన్ని మురికినీటి పిల్ల అనుకోవచ్చు. కానీ పగలు కుట్టే తెల్లచారల దోమకి గెడ్డ పనికిరాదు. దానికి నిలవున్న మంచినీళ్ళు కావాలి. పూలకుండీ కింద పళ్ళెం, ఫ్రిజ్ వెనక ట్రే, మూతలేని డ్రమ్ము, ఇవన్నీ దానికి పురుడు పోసే గదులు. గుడ్డు దోమయ్యేందుకు వారం, పది రోజులు చాలు. అందుకే హెల్త్ వాళ్ళు శుక్రవారం డ్రై డే అంటారు, వారానికోసారి అన్నీ పారబోసి, గీకి కడగమని. మా రెండో ఫ్లోర్ ఆయన ఆ మాట విని గురువారమే రెండు సీసాలు తెచ్చిపెట్టుకున్నారు.

ఉసిళ్ళ కేసు కమిషన్ స్వీకరించలేదు. తొలివాన సాయంత్రం కిటికీ బార్లా తీసి, ట్యూబులైటు వేసుకుని కూర్చున్నవాడికి విచారణ దేనికి?

చివరి కేసు మా ఇంట్లోదే. హాల్లో చీమల బారు. ఉదయం ఉప్మా తింటూ మా ఆవిడకి కమిషన్ హోదాలో వివరించాను. ‘ముందు ఒక్క చీమ తిరిగి తిరిగి తీపి కనిపెడుతుంది. వెనక్కి వెళుతూ పొట్ట నేలకి ఆనించి వాసన గీత గీస్తుంది. మిగతావి ఆ గీత పట్టుకుని వస్తాయి. పొడిగుడ్డతో తుడిచినా ఆ వాసన పోదు, సబ్బునీళ్ళు పెట్టాలి. సాక్షుల్లో అబద్ధమాడనిది చీమ ఒక్కటే’ అన్నాను. కాస్త గర్వంగానే.

‘అంటే ఈ బారు చివర తీపి ఉన్నట్టేగా?’ అంది.

నేను జవాబిచ్చేలోపు టార్చిలైటు ఆవిడ చేతిలో ఉంది. బారు సోఫా కింద నుంచి గోడెక్కి, పుస్తకాల బీరువాలో నాలుగో అరలోకి, నిఘంటువు వెనక్కి వెళ్ళింది. అక్కడ మూత సరిగా పడని స్టీలు డబ్బా. అందులో సగమైన మాడుగుల హల్వా. పక్కనే, నా షుగర్ మాత్రల అట్ట.

‘ఏవండీ, ఇది ఇక్కడికెలా వచ్చింది?’

‘సముద్రగాలి’ అన్నాను.