దాచుకున్న కత్తి చేతికందుతుందా?

ఆత్మరక్షణ కోసం కత్తి వెంట ఉంచుకోవాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఏ స్టీలు, ఎంత పొడవు, ఏ కంపెనీ అని. ఒక సాయంత్రం కూర్చుంటే ఆ మూడూ తేలిపోతాయి. తేలనిది వేరే ఉంది. ఒకడు మీ మెడ పట్టి గోడకు అదిమి రెండో చేత్తో ముఖం మీద గుద్దుతుంటే, చొక్కా కిందున్న ఆ కత్తిని ఒక్క చేత్తో బయటికి తీయగలరా? చాలా దాడులు మొదలయ్యేది ఈ దూరంలోనే. ముందు టైమెంతని అడుగుతాడు, జవాబు చెప్పేలోగా చెయ్యి వేస్తాడు.

అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెనిస్ ట్యూలర్ 1983లో ఒక లెక్క రాశాడు. 21 అడుగుల దూరం నుంచి కత్తితో పరుగెత్తుకొచ్చే మనిషి సుమారు ఒకటిన్నర సెకనులో మీద పడతాడు. నడుముకున్న తుపాకీ తీసి కాల్చడానికి శిక్షణ ఉన్న పోలీసుకూ దాదాపు అంతే సమయం కావాలి. దీన్ని తర్వాత చాలామంది చట్టంలాంటి సూత్రంగా మార్చి ఆయన చెప్పనివి కూడా చెప్పించారు, అది వేరే సంగతి. మనకు పనికొచ్చేది దాని వెనకున్న ఆలోచన. 21 అడుగులకే అంత ఇరుకైతే, చేతికందే దూరంలో మొదటి దెబ్బ పడ్డాక కత్తి కోసం తడుముకోవడం దాహం వేసినప్పుడు బావి తవ్వుకోవడమే. కాబట్టి కత్తి ఎంపికలో అసలు కొలమానం ఎంత బాగా తెగుతుందన్నది కాదు, ఎంత తక్కువ పనులతో చేతికొస్తుందన్నది.

ఈ కొలమానంతో చూస్తే మడత కత్తి వెనకబడుతుంది. చొక్కా తప్పించాలి, జేబు క్లిప్పు నుంచి లాగాలి, చేతిలో సర్దుకోవాలి, బొటనవేలితో బ్లేడు తెరవాలి, లాక్ పడిందని తెలియాలి. గుండె దడదడలాడుతున్నప్పుడు వేళ్ల సున్నితమైన కదలికలే ముందు దెబ్బతింటాయి. బొటనవేలు జారితే బ్లేడు సగమే తెరుచుకుంటుంది, ఆ స్థితిలో దేనికైనా తగిలితే మీ వేళ్ల మీదే మూసుకుంటుంది. లైనర్ లాక్ (పిడి లోపలి సన్నటి రేకు పక్కకు వంగి బ్లేడును ఆపే ఏర్పాటు) ఉన్నవాటిలో ఇంకో చిక్కుంది: పెనుగులాటలో పిడి మీద పట్టు మెలిపడితే వేలు లాక్ మీద పడి అది విడిపోవచ్చు. జేబులోని నూలుపోగులు చేరినా లాక్ పూర్తిగా పడదు. 1981లో కత్తుల కంపెనీ స్పైడర్కో తెచ్చిన వర్కర్ కత్తికున్న క్లిప్పు, బ్లేడులోని గుండ్రటి రంధ్రం ఒంటిచేత్తో తెరవడాన్ని తేలిక చేశాయి. ఎమర్సన్ కంపెనీ కత్తుల మీదున్న కొక్కెం జేబు అంచుకు తగిలి, లాగుతుండగానే బ్లేడును తెరుస్తుంది. కానీ అది పనిచేయాలంటే చేతిని వెనక్కి, జేబు వెనక అంచుకు రాసుకునేలా లాగాలి. కింద పడి ఆ తుంటి మీదే ఉన్నవాడికి ఆ దారి మూసుకుపోయినట్టే.

మడత లేని చిన్న కత్తికి, చొక్కా తప్పించాక, రెండే పనులు: పట్టుకోవడం, లాగడం. బ్లేడు 7 నుంచి 9 సెంటీమీటర్లు, మందం 3 నుంచి 4 మిల్లీమీటర్లు చాలు. అంతకు మించితే కూర్చున్నప్పుడు పొట్టలో గుచ్చుకుంటుంది, నాలుగు రోజులకే ఇంట్లో వదిలేస్తారు. స్టీలు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఒంటికి ఆనుకుని చెమటలో ఉంటుంది కనుక తుప్పు తట్టుకోవడమే ముఖ్యం. పదును నెలల తరబడి నిలవడం ఇక్కడ అక్కరకు రాదు, ఎందుకంటే ఈ కత్తితో అట్టపెట్టెలు కోయకూడదు. ఆ పనికి ఇంకోటి ఉంచుకోవాలి.

డబ్బు పెట్టాల్సింది పిడి మీద. కనీసం మూడున్నర వేళ్లకు చోటుండాలి, చూపుడువేలి ముందు అడ్డుగా ఒక మలుపు ఉండాలి. మొన గట్టిదానికి తగిలి ఆగినప్పుడు తడిచేయి ముందుకు జారి సొంత వేళ్లే తెగడం ఇలాంటి ఘటనల్లో తరచూ కనిపించే గాయం. దీన్ని ముందే పరీక్షించవచ్చు. అదే ఆకారంలో ఉన్న మొద్దు శిక్షణ కత్తిని తీసుకుని, చేతికి సబ్బునీళ్లు రాసుకుని, మొనను పాత టైరుకు ఆనించి గట్టిగా నొక్కండి. చెయ్యి ముందుకు పాకితే ఆ పిడి పనికిరాదు. కళ్లు మూసుకుని పట్టుకున్నా వాదర ఎటుందో తెలియాలి. రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ కమాండోల ఫెయిర్‌బెయిర్న్-సైక్స్ కత్తి ఎంత పేరు పొందినా, దాని గుండ్రటి పిడి మీదున్న పాత ఫిర్యాదు ఇదే. పిడి చివర ఉంగరమున్నవి చేతిలోంచి ఊడిపోవన్నది నిజమే. అయితే ఎదుటివాడు కత్తిని మెలితిప్పితే ఆ ఉంగరంలో ఇరుక్కున్న వేలు కూడా మెలిపడుతుంది.

తర్వాత ఒర. కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్ ఒరను తలకిందులుగా పట్టుకుని గట్టిగా విదిలిస్తే కత్తి పడకూడదు, ఒక్క కుదుపుతో లాగితే రావాలి. మరీ బిగుతుగా ఉంటే ఇంకో ప్రమాదం: బలమంతా పెట్టి లాగినప్పుడు ఒక్కసారిగా ఊడి, చెయ్యి అదుపు తప్పి రెండో చేతికి తగులుతుంది. చెమట కారిపోవడానికి ఒర అడుగున రంధ్రం ఉండాలి. తోలు ఒర చెమట పీల్చుకుని బ్లేడుకు తుప్పు పట్టిస్తుంది, కాలం గడిస్తే దాని నోరు మెత్తబడి ముడుచుకుంటుంది. అప్పుడు కత్తిని తిరిగి పెట్టేటప్పుడు మొన ఎటు పోతుందో చెప్పలేం.

ఎక్కడ పెట్టుకోవాలన్నదానికి నా జవాబు ఒక్కటే: నడుము ముందు భాగంలో, బొడ్డుకు కాస్త పక్కగా. అక్కడికి రెండు చేతులూ చేరతాయి, కూర్చున్నా వెల్లకిలా పడినా. కుడి జేబులోని కత్తి కుడిచేతికి మాత్రమే సొంతం, ఆ చేతిని వాడు పట్టుకుంటే లేనట్టే. కారు సీటుబెల్టు కింద జేబు అందదు. వీపు వెనక పెట్టుకుంటే తీయడానికి మోచెయ్యి బయటికి తెరుచుకుంటుంది, వెనక్కి పడితే వెన్నెముకకు దెబ్బ. మెడలో తాడుతో వేలాడేది చొక్కా లోపల ఊగుతూ ఎప్పుడెక్కడుంటుందో తెలియదు, తెగని తాడైతే అది ఉరి. బ్యాగులో పెట్టుకోవడం గురించి మాట్లాడటమే వృథా, పెనుగులాటలో ముందు పోయేది బ్యాగే.

ఇక చట్టం. ఇది కొనే ముందే చూసుకోవాలి. బ్రిటన్‌లో ఆత్మరక్షణ కోసమని చెప్పి బహిరంగ స్థలంలో ఏది వెంట పెట్టుకున్నా ఆ ఉద్దేశమే దాన్ని ఆయుధంగా మారుస్తుంది. కారణం చూపకుండా ఉంచుకోగలిగేది బ్లేడు 3 అంగుళాలలోపున్న, లాక్ పడని మడత కత్తి ఒక్కటే. జర్మనీలో ఒంటిచేత్తో తెరుచుకుని లాక్ పడే మడత కత్తి, బ్లేడు 12 సెంటీమీటర్లు దాటిన మడత లేని కత్తి సరైన కారణం లేకుండా బయటికి తీసుకెళ్లకూడదు. భారత ఆయుధ నిబంధనలు బ్లేడుకు 9 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పును గీతగా పెట్టాయి. గీత లోపల ఉన్నంత మాత్రాన అన్నిచోట్లా చెల్లుతుందని కాదు. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును ఒప్పుకుంటూనే, అవసరానికి మించి హాని చేయకూడదని హద్దు పెడతాయి. తోపులాటకు కత్తి దూస్తే బాధితుడు నిందితుడవుతాడు. పారిపోవడానికి దారుండి కూడా దూస్తే కోర్టులో వాదన మరీ కష్టం. ఈ లెక్కలన్నీ వేసుకున్నాక, చట్టం ఒప్పుకునే చోట చాలామందికి పెప్పర్ స్ప్రేనే మంచి ఎంపిక. రెండు మూడు మీటర్ల దూరమిస్తుంది, పొరపాటు జరిగినా ప్రాణం పోయే అవకాశం చాలా తక్కువ.

శిక్షణ దగ్గర ఎక్కువమంది తప్పుదారి పట్టేది ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, ఒకరు నెమ్మదిగా చెయ్యి చాపి ఆపితే ఇంకొకరు మూడు కదలికలు చేసి చూపించే పాఠాలతో. చూడముచ్చటగా ఉంటాయి. నిజంగా చెయ్యి చాపినవాడు దాన్ని వెంటనే వెనక్కి లాక్కుంటాడు, మళ్లీ గుద్దుతాడు. ముందు నేర్చుకోవాల్సింది కత్తి కాదు: తల కాపాడుకోవడం, నిలబడి పెనుగులాడటం, పట్టు విడిపించుకోవడం, కిందపడితే లేవడం. మొదటి ఆరు నెలలు వీటికే పోతే నష్టమేమీ లేదు.

కత్తి సాధన మొదలయ్యాక మొదటి నియమం, గదిలో నిజమైన బ్లేడు ఉండకూడదు. జేబులు ఎవరికివారు చూసుకున్నాక ఒకరివి ఇంకొకరు తడిమి చూడాలి. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి, అల్యూమినియం శిక్షణ కత్తి కూడా కన్ను పోగొట్టగలదు. శిక్షణ కత్తి మీ కత్తి బరువులో, అదే ఒరలో, అదే చోట ఉండాలి. ఇంటి దగ్గర రోజుకు పది నిమిషాలు చాలు. రెండో చెయ్యి తలకు అడ్డుగా ఉంచి చొక్కా పైకెత్తడం, పూర్తి పట్టు దొరికాకే లాగడం, మోచెయ్యి ఒంటికి దగ్గరగా ఉంచడం. ఇరవైసార్లు నిలబడి, పదిసార్లు కూర్చుని, పదిసార్లు వెల్లకిలా పడుకుని, మళ్లీ ఎడమచేత్తో. వేగం గురించి ఆలోచించకండి. అరకొర పట్టుతో లాగిన కత్తి నేలమీద పడుతుంది.

భాగస్వామితో చేసేటప్పుడు పాఠం ఒక్కటే: కత్తి ఎప్పుడు తీయకూడదో. వాడి చేతులు రెండూ ఖాళీగా ఉండగా మీరు నడుము వైపు చెయ్యి దించితే ముఖానికి అడ్డు పోతుంది, వాడు మీ మణికట్టు పట్టుకుంటాడు. ఆ క్షణం నుంచి ఒకే కత్తి కోసం ఇద్దరు కొట్టుకుంటున్నట్టే. ముందు వాడి ఒక చేతిని కట్టడి చేయాలి, లేదా పక్కకు తిరిగి మీ నడుము వాడికి అందని కోణంలోకి రావాలి, ఆ తర్వాతే లాగాలి. కత్తి తగిలిన మనిషి వెంటనే పడిపోతాడనుకోవడం కూడా భ్రమ. తగిలిందని తెలియకుండానే ఇంకా గుద్దుతూ ఉండొచ్చు. అందుకే ప్రతి అభ్యాసమూ పట్టు వదలగానే తలుపు వైపు పరుగుతో ముగియాలి, ఆపై పోలీసులకు ఫోను, వాళ్లు వచ్చేసరికి చేతిలో కత్తి లేకుండా ఉండటం.

శిక్షణ కత్తి అంచుకు లిప్‌స్టిక్ రాసి, ఇద్దరూ తెల్ల బనియన్లు వేసుకుని పూర్తి బలంతో ముప్పై సెకన్లు పెనుగులాడితే కొన్న కత్తి విలువ తెలుస్తుంది. తీసినవాడి ఒంటిమీద కూడా, ముఖ్యంగా ముంజేతులు, వేళ్ల మీద, ఎర్రటి గీతలుంటాయి. అవి చూశాకైనా ఒక టోర్నికే (రక్తం ఆపడానికి చేతికో కాలికో బిగించే పట్టీ) కొని దాని వాడకం నేర్చుకోవాలి. గాయానికి 5 నుంచి 7 సెంటీమీటర్ల పైన, కీలు మీద పడకుండా, రక్తం ఆగేదాకా బిగించి, బిగించిన సమయం రాసి ఉంచాలి. కత్తి నడుముకు ఉన్న ప్రతిరోజూ అదీ వెంట ఉండాలి, ఒంటిచేత్తో సొంత చేతికి బిగించుకోవడం కూడా ఆ పది నిమిషాల సాధనలోనే చేరాలి.