హుక్కా పండితుల వైద్య సభ

కొండాపూర్ మేధావులను ఈమధ్య ఒక శాస్త్రీయ సమస్య వేధిస్తోంది. హుక్కా తాగితే తలనొప్పి ఎందుకొస్తుంది, రాకుండా తాగడం ఎలా? మానెయ్యడం అనే మార్గం ఈ పరిశోధన పరిధిలోకి రాదు. అది ముందే ఏకగ్రీవంగా తీర్మానించుకున్నారు.

2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ హుక్కా పార్లర్లను నిషేధిస్తూ బిల్లు ఆమోదించింది. దాంతో జూబ్లీహిల్స్ సోఫాల మీద జరగాల్సిన పరిశోధన మాలాంటి వాళ్ల అపార్ట్‌మెంట్లలోకి మకాం మార్చింది. హుక్కా, బొగ్గులు, ఫ్లేవరు, అన్నీ అద్దెకు ఇంటికే వస్తాయి. వాసన పొక్కితే అసోసియేషన్ సెక్రటరీ ఊడిపడతాడు కాబట్టి కిటికీలు బిగిస్తారు. ఏసీ వేస్తారు. తలుపు కింది సందులో తడి తువ్వాలు కుక్కుతారు. ఆపైన గది మధ్యలో నిప్పులు పెట్టుకుని చుట్టూ కూర్చుంటారు. చలికాలంలో తలుపులు మూసి కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు తెల్లారి లేవలేదన్న వార్త చూసి, "పాపం, చదువుకోలేదు కదా" అని జాలిపడేది కూడా వీళ్లే.

మొన్న శనివారం రాత్రి పక్క ఫ్లాట్ కుర్రాడు మా తలుపు కొట్టి, "అంకుల్, అమృతాంజనం ఉందా?" అన్నాడు. సీసా పట్టుకుని వెళ్లాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి తల పట్టుకుని గోడకు జారగిలబడి ఉంది. చుట్టూ వైద్య సభ కొలువుతీరి ఉంది.

"ఖాళీ కడుపుతోని గుంజింది, గందుకే. బిర్యానీ తిని కూసోవాలె" అన్నాడు వరంగల్ పండితుడు.

"అబ్బే, అది కాదండీ బాబూ, ఫ్లేవరు పాతదండీ" అన్నాడు భీమవరం పండితుడు.

మూడోవాడు మాట్లాడలేదు. చేతిలో టూత్‌పిక్, కళ్లలో తదేక దీక్ష, హుక్కా పైన ఫ్లేవరు నింపే గిన్నె, అదే చిలుం, దాని మీది ఫాయిల్‌కు ఇంకో నాలుగు చిల్లులు పొడుస్తున్నాడు. నిమ్స్ ఆపరేషన్ థియేటర్లో కూడా అంత ఏకాగ్రత ఉంటుందని నేననుకోను. నాలుగోవాడు నీళ్లలో ఐసు ముక్కలు వేసి, పొగ చల్లబడితే తల కూడా చల్లబడుతుందని సెలవిచ్చాడు. బీటెక్ మొదటి ఏడాది నుంచీ అనుభవం గడించిన సీనియర్ చివర్లో గొంతు సవరించుకున్నాడు. "హెర్బల్ తెప్పించాల్సింది మామా. నికోటిన్ ఉండదు. ఆయుర్వేదం టైపు." ఇంతకీ ఆ రోజు తెప్పించిన ఫ్లేవరు పేరు బ్రెయిన్ ఫ్రీజర్. పేరుకు తగ్గట్టు పనిచేసిన సరుకు ఆ గదిలో అదొక్కటే.

ఇందరు పండితుల్లో ఒక్కడి చూపూ చిలుం మీద ఎర్రగా కణకణలాడుతున్న బొగ్గుల వైపు పోలేదు. ఫ్లేవరు యాపిల్‌దైనా, పుదీనాదైనా, తులసి ఆకుదే అయినా, బొగ్గు బొగ్గే. అది వెదజల్లే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నీళ్లు దాన్ని ఆపవు, ఐసు అసలే ఆపదు. అక్బరు ఆస్థాన వైద్యుడు హకీం అబుల్ ఫతే గిలానీ పొగాకు పొగను నీళ్లలోంచి పంపి శుద్ధి చేశాడని ఒక కథ చెబుతారు. హకీం గారు 1589లో పోయారు. అక్బరు దూత అసద్ బేగ్ బీజాపూర్ నుంచి పొగాకు తెచ్చి అక్బరుకు చూపించింది ఆ తర్వాత పదిహేనేళ్లకు. ఈ కథను నమ్మినవాళ్లు నీళ్ల వడపోతను నమ్మడంలో వింతేముంది!

నెత్తుట్లో హిమోగ్లోబిన్ ఆర్టీసీ బస్సు లాంటిది. ఆక్సిజన్ మర్యాదస్తుడిలా మెట్లెక్కేలోపు కార్బన్ మోనాక్సైడు కిటికీలోంచి కర్చీఫ్ వేసేస్తుంది. సీటు పట్టుకోవడంలో ఆక్సిజన్ కన్నా దాని బలం రెండు వందల రెట్ల పైమాటే. ఒకసారి కూర్చుంటే ఓ పట్టాన దిగదు. మామూలు గాలిలో సగం ఖాళీ అవడానికే నాలుగైదు గంటలు. ఈలోగా మెదడు స్టాపులో నిలబడి ఆక్సిజన్ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ ఎదురుచూపు పేరే తలనొప్పి. ముదిరితే కళ్లు తిరగడం, వాంతి, స్పృహ తప్పడం. కొత్తవాళ్లకు నికోటిన్ కూడా తన వంతు వికారం కలుపుతుంది. ఒక్క సిట్టింగులో నూరు సిగరెట్లు కాల్చినంత పొగ, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, పీల్చే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే చెప్పింది. అయినా మనకు తేలాల్సింది ఫాయిల్‌కు ఎన్ని చిల్లులనేదే.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం మీద నాకు అపారమైన గౌరవం. కాకపోతే నుదుటికి రాసిన మందు బస్సులో సీట్లు ఖాళీ చేయించలేదు.

ఇంతలో ఒకడు కరోనా రోజుల నాటి ఆక్సీమీటరు తెచ్చి అమ్మాయి వేలికి తగిలించాడు. 98. సభ ఊపిరి పీల్చుకుంది. మళ్లీ హుక్కా కూడా పీల్చింది. ఆ పరికరం సీట్లు నిండాయా లేదా అనేదే చూస్తుంది, కూర్చున్నదెవరో టికెట్ అడగదు. కార్బన్ మోనాక్సైడును కూడా ఆక్సిజన్ లెక్కలోనే వేస్తుంది.

అప్పుడు సీనియర్ అన్నాడు, "లోపల పడుకోబెట్టండ్రా. తెల్లారేసరికి సెట్ అయిపోద్ది."

పడుకోబెడతావా? విషం నెత్తుట్లో ఉన్న పిల్లని, నిప్పు ఇంకా రగులుతున్న ఇంట్లో, తలుపు మూసి పడుకోబెడతావా? రాత్రంతా మత్తులో ఉంటే ఎవడు చూస్తాడు? నువ్వా? నేను కిటికీలు తెరిచి, ఆ బొగ్గులు బాల్కనీలో బకెట్‌లో ముంచి, పిల్లను కారిడార్లోకి తీసుకొచ్చి 108కి ఫోన్ చేస్తుంటే, వెనకనుంచి ఇంకొకడు, "అంకుల్, ఫుడ్ పాయిజన్ అని చెప్పండి, హుక్కా అంటే గొడవవుద్ది." ఒరే, బొగ్గు పొగ అని చెప్పకపోతే డాక్టరుకు నెత్తుట్లో కార్బన్ మోనాక్సైడు ఎంతుందో చూసే పరీక్ష చేయించాలని ఎలా తడుతుంది? కడుపుకు సెలైన్ పెట్టి పంపిస్తాడు. కావాల్సింది ముక్కుకు ఆక్సిజన్ మాస్కు. నీ పరువు కోసం దాని ప్రాణం తీస్తావా?

చెప్పాను. మాస్కు పెట్టారు. మర్నాడు మధ్యాహ్నానికి అమ్మాయి ఇంటికొచ్చింది.

అదే వేళకు అద్దెవాడు కూడా వచ్చాడు. హుక్కా గాజు బుడ్డిని కిటికీ వెలుగులోకి ఎత్తి, నాలుగు వైపులా తిప్పి తిప్పి చూశాడు. అడుగున సన్నటి గీత పడిందని డిపాజిట్‌లో ఐదు వందలు పట్టుకున్నాడు. వచ్చే శనివారానికి బుకింగ్ రాసుకున్నాడు.