నేస్తం అంటే ‘మనవాళ్లే’ అని ఎవరన్నారు?

ఆగస్టు మొదటి ఆదివారం వచ్చిందంటే చాలు, మా స్కూలు గ్రూపులో అదే మెసేజ్. ఈసారి మద్దిలపాలెం నుంచి ఒకడు, గాజువాక నుంచి ఇద్దరు పంపారు. మా బావమరిది విడిగా ఇంకోసారి. ‘నేస్తం అనే మాట వెనకున్న రహస్యం 99 శాతం మందికి తెలియదు’ అని మొదలవుతుంది. నన్ను ఆ 99లోనే ఉండనివ్వండి బాబూ.

మొదటి రహస్యం: నేస్తం అంటే న + అస్తం, అస్తమించనిది అట. ఆ రెండూ కలిస్తే సవర్ణదీర్ఘ సంధి వచ్చి ‘నాస్తం’ అవుతుంది. ఇంకాస్త సాగదీస్తే నాష్టా.

రెండోది: దోస్తు పరాయి మాట, వాడకూడదు. ఫార్సీ మాటే, కాదనను. దస్తావేజూ అక్కడిదే. మీ ఇంటి దస్తావేజులు బీచ్‌లో పారేసి రండి, అప్పుడు దోస్తు సంగతి చూద్దాం.

మూడోదానికి మాత్రం ఒళ్లు మండింది. ‘మన పెద్దలు సొంత కులంవాళ్లతోనే నేస్తం కట్టేవారు, అందుకే ఆ నమ్మకం నిలిచింది’ అట. ఏ పెద్దలండీ? మన విశాఖ వైపు పల్లెల్లో నేస్తరికం కట్టింది ఎక్కువగా బయటివాళ్లతోనే కదా. సొంతవాళ్లు ఎలాగూ అత్తో వదినో అవుతారు, వాళ్లతో కొత్తగా కట్టుకునేదేముంది? మా మామ్మది అనకాపల్లి పక్కన చెరకు పండే ఊరు. ఆవిడ నేస్తం పూడిమడకలో చేపలమ్మే మనిషి. సంక్రాంతికి మా ఇంటి నుంచి చీర, బెల్లం దిమ్మ వెళ్లేవి. అటు నుంచి తాటాకు బుట్టలో ఎండు నెత్తళ్లు వచ్చేవి. బుట్ట వీధి మలుపు తిరక్కముందే పిల్లి అరుగెక్కి కూర్చునేది. పేరు పెట్టి పిలుచుకోకూడదని ఇద్దరికీ పట్టింపు. ‘నేస్తమా, ఒచ్చీసినావేటి’ అనడమే తప్ప మామ్మ నోట ఆవిడ పేరు ఎవరూ వినలేదు. మామ్మ పోయినరోజు కబురు పంపబోతే ఏ పేరు చెప్పాలో నాన్నకి తెలియలేదు. ‘నేస్తం పోయిందని చెప్పండి’ అన్నాడు. మధ్యాహ్నానికల్లా ఆవిడ వచ్చేసింది. కులం చూసి పుట్టిన నమ్మకమేనా ఇది, మేధావుల్లారా?

అలాగని కులం ఆ గుమ్మం బయటే ఆగిపోయిందని బుకాయించను. ఆవిడ మా ఇంట్లో అన్నం తిన్నది ఎప్పుడూ అరుగు మీదే. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాలుగోది: స్నేహం అంటే నూనె. పడీపడీ నవ్వి, ‘ఏ గానుగదిరా’ అని రిప్లై కూడా పెట్టాను. తర్వాత అనుమానమొచ్చి నిఘంటువు తీశాను. నిజమే! సంస్కృతంలో స్నేహం అంటే నూనె, నెయ్యి లాంటి జిడ్డు. ప్రేమకీ అదే మాట. ఆయుర్వేదంలో ఒంటికి నూనె పట్టించడం, నెయ్యి తాగించడం స్నేహనమే. స్నేహానికి వికృతి నెయ్యం అని పదో తరగతి బిట్ పేపర్లో రాసి మార్కు కొట్టినవాణ్ని, ఇన్నేళ్లూ ఆ జిడ్డు కంటపడలేదు.

రిప్లై డిలీట్ చేశాను. పై మూడూ కొట్టేసి నూనె పాయింటు ఒక్కటీ మళ్లీ పంపరా, నేనే నలుగురికి ఫార్వర్డ్ చేస్తాను.