చెంచా కాడ వెనక అచ్చొత్తిన ధర గారికి

మహారాజశ్రీ సోవియట్ ప్రభుత్వ చిల్లర ధర గారి సముఖమునకు,

లోకంలో మీ జాతివాళ్లంతా పలక మీదో, చీటీ మీదో కాపురం ఉంటారు. పొద్దున రాస్తే సాయంత్రానికి చెరిపేస్తారు. తమరి దర్జా వేరు. అల్యూమినియం చెంచాను అచ్చు కొట్టేటప్పుడే మిమ్మల్నీ లోహంలో దించేసేవారు. కాడ వెనక్కి తిప్పితే ఫ్యాక్టరీ గుర్తు, దాని పక్కనే ఇన్ని కొపెక్కులని (రూబులులో నూరో వంతు కొపెక్కు) తమరు. (చెంచా అంటే మాకు ఇంకో అర్థం కూడా ఉంది. మీ కొలువులో ఆ రకానికీ కొదవలేదు.) ధర మారాలంటే అచ్చు మారాలి. అచ్చు మారాలంటే మాస్కోలో గోస్‌కోమ్‌త్సెన్ అనే ధరల సంఘం సంతకం పడాలి. అలా సంతకం కావలసిన ధరలు లక్షల్లో ఉండేవి. అందుకే మాస్కో మెట్రో ప్రయాణం 1961లో 5 కొపెక్కులు, 1991 మార్చిలోనూ 5 కొపెక్కులే.

మిమ్మల్ని కదపడానికి అందరికీ ఎందుకంత హడలో తమరికి తెలుసు. 1962 జూన్ 1న మాంసం ధర 30 శాతం, వెన్న ధర 25 శాతం పెంచారు. దక్షిణ రష్యాలోని నొవొచెర్కాస్క్ ఊరి రైలింజన్ల ఫ్యాక్టరీలో అప్పటికే కూలి రేట్లు కోసి ఉన్నారు. కార్మికులు రోడ్డెక్కారు. మర్నాడు సైన్యం కాల్చింది, ఇరవైమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత దాదాపు ముప్పై ఏళ్లు రొట్టె, మాంసం ధరల జోలికి పోయే ధైర్యం ఏ నాయకుడికీ లేకపోయింది.

ధర కదలకపోయినా ఖర్చు కదిలింది. గొడ్డుమాంసం కొట్లో కిలో రెండు రూబుళ్లకు అటూఇటూ. అదే కిలో సర్కారుకు పడేది అంతకు రెట్టింపు పైనే. తేడా ఖజానాది. రొట్టె దాణా కన్నా చవకై, పల్లెల్లో పందులకు, గొడ్లకు రొట్టెలు పెట్టారు. పిల్లలు రొట్టెను బంతి చేసి తన్నడం గురించి చివరి సోవియట్ నాయకుడు గొర్బచోవే వాపోయాడు. ఫ్యాక్టరీలవాళ్లు ఇంకో కిటుకు కనిపెట్టారు. పాత సరుక్కి కొత్త గుండీ కుట్టి, ‘కొత్త రకం’ అని సూచించే ‘ఎన్’ అక్షరం తగిలిస్తే ఎక్కువ ధరకు అనుమతి దొరికేది. చవక రకం మెల్లగా మాయమయ్యేది. పుస్తకంలో తమరు స్థిరం, దుకాణంలో అదృశ్యం.

ఇక సంస్కరణ సంగతి. 1988 జనవరి 1 నుంచి ప్రభుత్వ సంస్థల చట్టం అమల్లోకి వచ్చింది. డైరెక్టరును కార్మికులే ఎన్నుకోవచ్చు. లాభంలో వాటా ఉంచుకోవచ్చు, జీతాలు పెంచుకోవచ్చు. బాగుంది. కానీ అమ్మే ధర మీది. ముడిసరుకు పంచేది గోస్‌స్నాబ్ అనే సర్కారు సరఫరా సంఘం. పైగా ‘సర్కారు ఆర్డరు’ అనే కొత్త పేరుతో పాత ప్లానే తిరిగొచ్చి, చాలాచోట్ల ఉత్పత్తిని దాదాపు మొత్తం మింగేసింది. నష్టమొస్తే మంత్రిత్వశాఖ ఎలాగూ పూడుస్తుంది. ఆ డైరెక్టరు కుర్చీలో ఎవరు కూర్చున్నా చేసేది ఒకటే: గిట్టని చవక సరుకు ఆపేస్తాడు, ఓటేసినవాళ్లకు జీతం పెంచుతాడు.

అక్కడ తెగింది కట్ట. ఆ దేశంలో డబ్బు రెండు రకాలు. ఫ్యాక్టరీల మధ్య ఖాతాల్లో తిరిగే లెక్కల రూబులు ఒకటి, జీతంగా చేతికొచ్చే నోటు రూబులు రెండోది. రెంటికీ మధ్య గోడ. సంస్కర్తలు 1988 మేలో సహకార సంఘాల చట్టం తెచ్చి ఆ గోడకు తలుపు పెట్టారు. ఫ్యాక్టరీ ఆవరణలోనే డైరెక్టరు మనుషులు సంఘం పెడతారు. కలప, రేకు, బట్ట మీ ధరకు లోపలికి వెళ్తాయి, బజారు ధరకు బయటికొస్తాయి. ఖాతా రూబులు నోటైపోతుంది. కంచే చేను మేసింది, అదీ రసీదు రాసి మరీ. నిజాయితీగా పూటకూళ్లు నడుపుకున్న సంఘాలూ ఉన్నాయి. తిట్లు మాత్రం వాళ్లకే ఎక్కువ పడ్డాయి.

జేబుల్లో నోట్లు, అల్మారాల్లో దుమ్ము. 1989 జులైలో సైబీరియాలోని కుజ్‌బాస్ బొగ్గు గనుల కార్మికులు సమ్మె కట్టినప్పుడు అడిగినవాటిలో సబ్బు ఒకటి. బొగ్గులో దిగినవాడికి ఒళ్లు కడుక్కునే సబ్బు!

అప్పుడు ప్రధాని రిజ్‌కోవ్‌కు తెగువ వచ్చింది. 1990 మే 24న, జులై 1 నుంచి రొట్టె ధర మూడింతలు చేద్దామని చట్టసభలో చెప్పాడు. ధర పెంచేవాడు ఐదు వారాల ముందు దండోరా వేస్తాడా? మర్నాటికి పిండి, పాస్తా, నూనె దుకాణాల్లో లేవు. మాస్కోలో పాస్‌పోర్టులో ఆ ఊరి చిరునామా ఉంటేనే సరుకన్నారు. చుట్టుపక్కల ప్రాంతాలు మండిపడి, అయితే మా పాలు, మాంసం మీకెందుకన్నాయి. పెంపు మాత్రం జరగలేదు! ఆ ఏడే 500 రోజుల్లో బజారు పద్ధతికి మారాలనే ఆర్థికవేత్తలు షతాలిన్, యవ్లీన్‌స్కీల ‘500 రోజుల’ పథకం వచ్చింది. గొర్బచోవ్ దాన్ని ప్రభుత్వ పథకంతో కలిపి ఒక్కటి చెయ్యమన్నాడు. రెంటికీ చెడ్డ రేవడైంది.

తర్వాతి ప్రధాని పావ్లోవ్. 1991 జనవరి 22, రాత్రి 9 గంటల టీవీ వార్తలు: 50, 100 రూబుళ్ల పాత నోట్లు చెల్లవు, మార్చుకోవడానికి మూడు రోజులు, మనిషికి 1000 రూబుళ్లు. 2016 నవంబరు 8 రాత్రి చూసిన మావాళ్లకు ఇంతకుమించి వివరించక్కర్లేదు. ఏప్రిల్ 2న మిమ్మల్ని కదిపారు కూడా. మెట్రో 15 కొపెక్కులైంది. అప్పటికి ప్రభుత్వం మాట నమ్మేవాడే లేడు, రిపబ్లిక్కులు పన్నులు పైకి పంపడం మానేస్తున్నాయి. 1992 జనవరి 2న మిమ్మల్ని నిజంగా వదిలేసేనాటికి సోవియట్ యూనియనే లేదు. ఆ ఒక్క నెలలో రష్యాలో మీరు మూడు రెట్లు దాటి లేచారు.

మాకూ మీతో చిన్న బాకీ ఉంది. విశాలాంధ్ర దుకాణాల్లో మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల తెలుగు పుస్తకాలు గట్టి అట్టతో, మంచి కాగితంతో కారుచవకగా దొరికేవి. ఆ చవక ఎవరి ఖజానా నుంచి వస్తోందని అడిగినవాళ్లు తక్కువ.

ఇప్పుడు తమరి చెంచాలు మాస్కో పాతసామాన్ల సంతల్లో ఉన్నాయి. వెనక అచ్చు చెక్కుచెదరలేదు. అమ్మేవాళ్లు అటు తిప్పి చూడరు. కొనేవాడి వాలకం చూసి చెబుతారు.

ఇట్లు,
క్యూలో మీ వెనక నిలబడ్డవాళ్లు